తాళాలు మార్చుకున్నాం: ఒడిశాలో బరంపురం నుంచి సుంకి దాకా ఏడు రోజులు

మొదటి రోజు, బరంపురం

కొన్న ఎనిమిదేళ్లలో నా బండి తాళం ఇంకొకరి చేతిలో పెట్టలేదు. మా బావమరిది అడిగి అడిగి విసిగిపోయి, చివరికి సొంతంగా ఒక 150 సీసీ బండి కొనుక్కున్నాడు. అలాంటి నేను ఈ రోజు బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చిన యాభై ఎనిమిదేళ్ల మనిషికి నా బండిని పదహారు రోజులకి అప్పగిస్తున్నాను. వచ్చే జూన్‌లో ఆయన బండి మీద నేను వేల్స్‌లో పదహారు రోజులు తిరుగుతాను. డబ్బు ప్రసక్తి లేదు. బండికి బండి, రోజుకి రోజు.

ఆయన్ని ఆరేళ్ల కిందట హిమాచల్ ప్రదేశ్‌లోని స్పీతిలో, కాజా దగ్గర ఒక టీ కొట్టులో కలిశాను. అద్దె బండి మీద వచ్చాడు. అప్పటి నుంచి మాటలు సాగుతూనే ఉన్నాయి. ఈ ఆలోచన మా ఇద్దరిలో ఎవరికి ముందు వచ్చిందో గుర్తులేదు గానీ, ఎందుకు వచ్చిందో బాగా గుర్తుంది. వాళ్ల దగ్గర చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండిని తినేస్తుందని చాలామంది నవంబర్‌లోనే షెడ్డులో పెట్టేసి, మార్చి దాకా బయటికి తియ్యరు. మనకి జూన్ వస్తే వాన మొదలు. ఘాటీల్లో కొండచరియలు, బురద. అంటే ఆయన బండి మూలన పడే కాలం మనకి మంచి కాలం, మన బండి మూలన పడే కాలం ఆయనకి మంచి కాలం. ఇంత చక్కగా కుదిరేది అద్దె బళ్లతో ఎక్కడ కుదురుతుంది!

డబ్బు తీసుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెల్ల నంబర్ ప్లేటు ఉన్న సొంత బండిని అద్దెకి తిప్పడం చట్టం ఒప్పుకోదు. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి, దానికి వేరే అనుమతి ఉండాలి. స్నేహితుడికి ఊరికే ఇచ్చిన బండి అయితే ఆ చిక్కు లేదు.

పొద్దున్న నుంచి కాగితాల పనే. ఆయన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో నేను ముందు చూసింది ఫొటో కాదు, 'ఎ' విభాగం దగ్గర ముద్ర. ఆ ముద్ర ఉంటేనే మోటార్ సైకిల్ నడపొచ్చు. కారు విభాగానికి ముద్ర పడి దీనికి పడకపోతే ఆ పర్మిట్ మన దగ్గర ఎందుకూ పనికిరాదు. ఆర్సీ నకలు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, 'నా అనుమతితో నడుపుతున్నారు' అని సంతకం పెట్టిన ఉత్తరం, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద పెట్టాం. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో తెలియజెయ్యాలి. అది రాత్రే చేసేశాను.

ఇన్సూరెన్స్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మార్పిడిలో అసలు టెన్షన్ అక్కడే. మన దగ్గర పాలసీ బండిని అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని అనుమతితో, సరైన లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరు నడిపినా థర్డ్ పార్టీ రక్షణ, అంటే అవతలివాళ్లకి జరిగే నష్టానికి రక్షణ, ఉంటుంది. కానీ పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమాని నడిపినప్పుడే వర్తిస్తుంది. అంటే ఆయన పడితే ఆయన కాలికి నా పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోమన్నాను. అక్కడా ఒక మెలిక ఉంది. చాలా ట్రావెల్ పాలసీలు 125 సీసీ దాటిన బళ్లని పక్కన పెట్టేస్తాయి. ఆయన అదనంగా కట్టి, నా బండి సీసీకి సరిపోయేది తీసుకుని వచ్చాడు. అది కళ్లతో చదివాకే నాకు నిద్ర పట్టింది.

మధ్యాహ్నం బజారుకెళ్లి ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ ఒకటి కొన్నాం. ఆయన వెంట తెచ్చుకున్నది చాలా మంచిదే, కానీ మన చట్టం అడిగేది ఐఎస్‌ఐ గుర్తు.

సాయంత్రం వాకిట్లో బండి చుట్టూ తిరుగుతూ దాని అలవాట్లు చెప్పాను. ఆగాక న్యూట్రల్ వెతికితే దొరకదు, చక్రం ఇంకా కదులుతుండగానే వేసెయ్యాలి. చలిలో స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు దాన్ని తొందరపెట్టకూడదు. సైడ్ స్టాండ్ మెత్తటి నేల మీద దిగబడుతుంది, కింద పెట్టడానికి ఒక చెక్కముక్క సంచిలో ఉంది. ఆయన అన్నీ రాసుకున్నాడు. క్లచ్ రెండు మూడు సార్లు లాగి చూసి, "లోపల ఇసక ఉన్నట్టు గరుగ్గా తగులుతోంది. ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"అది దాని తీరు" అన్నాను. ఆ మాట తర్వాత నన్ను చాలా బాధపెట్టింది.

నష్టం గురించి ఒకటే నియమం పెట్టుకున్నాం. అరుగుదల యజమానిది, దెబ్బ నడిపినవాడిది. ఇద్దరం చెరొక కాగితం మీద ఇదే రాసి సంతకాలు చేసుకున్నాం.

రేపటి నుంచి ఆరు రోజులు నేను బావమరిది బండి మీద వెనకాలే ఉంటానని ముందే చెప్పాను. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. బండి ఇచ్చి చేతులు దులుపుకోవడం మార్పిడి కాదు. రోడ్డు కూడా అప్పగించాలి.

రెండో రోజు, చంద్రగిరి

నా బండిని వెనక నుంచి చూడడం నాకు ఇదే మొదటిసారి. వెనక లైటు కాస్త ఎడమకి వాలి ఉందని ఎనిమిదేళ్లుగా నాకు తెలియనే తెలియదు.

దిగపహండి దాటే దాకా బాగానే ఉంది. బ్రిటన్‌లోనూ ఎడమ పక్కే నడుపుతారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ ఆయన ఒక్కసారి కూడా హార్న్ కొట్టలేదు. ముందు వెళ్తున్న ట్రాక్టర్ వెనక రెండు కిలోమీటర్లు మౌనంగా నడిపాడు. ఇంకో చోట ఎదురుగా వస్తున్న లారీ హెడ్‌లైట్ కొట్టగానే, ఈయన పక్కనున్న ఆటోని దాటడానికి ముందుకొచ్చేశాడు. నా గుండె జారిపోయింది. లారీ డ్రైవర్ బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది.

తప్తపాణిలో ఆగాం. బరంపురం నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. గంధకం వాసన వేసే వేడినీటి ఊట, చుట్టూ అడవి. జనం అక్కడ మొక్కులు తీర్చుకుంటున్నారు. మేం మాత్రం ఒక చెట్టు కింద కూర్చుని అరగంట సేపు హెడ్‌లైట్ గురించే మాట్లాడుకున్నాం. వాళ్ల దేశంలో ఎదుటి బండి లైటు కొడితే, మర్యాదగా 'మీరు రండి' అని అర్థమట. మన దగ్గర 'నేను వస్తున్నాను, ఆగు' అని. ఒకటే లైటు, అర్థం పూర్తిగా తలకిందులు. హార్న్ కూడా అంతే. అక్కడ హార్న్ కొట్టడమంటే తిట్టినట్టే. ఇక్కడ మలుపు దగ్గర కొట్టకపోవడమే తప్పు. లారీ కుడి ఇండికేటర్ వేస్తే 'దాటి వెళ్లు' అనో, 'కుడికి తిరుగుతున్నాను' అనో, ఏదైనా కావొచ్చు. చక్రాలు ఎటు తిరిగితే అదే నమ్మాలి. ఇవేవీ ఏ పర్మిట్ పరీక్షలోనూ అడగరు. ప్రాణం పోయేది మాత్రం వీటి దగ్గరే.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వేల్స్ రోడ్ల మీద తెల్ల రంగుతో పెద్ద అక్షరాల్లో రెండు మాటలు రాసి ఉంటాయని చెప్పాడు. ఒకటి ఇంగ్లిష్, ఒకటి వెల్ష్. వెల్ష్ మాటని 'అరవ్' అని పలికాడు. నెమ్మదిగా అని అర్థం. మాకు ఇంటర్‌కమ్ లేదు. ముందున్నవాడు ఎడమ చెయ్యి కిందికి చాపి అరచేత్తో గాలిని రెండుసార్లు తడితే అది 'అరవ్' అని అక్కడే నిర్ణయించుకున్నాం.

ఘాటీ ఎక్కేటప్పుడు నేను ముందు నడిచాను. ప్రతి మలుపుకీ హార్న్. నాలుగో మలుపు నుంచి వెనక నుంచి కూడా హార్న్ వినబడింది, కాస్త మొహమాటంగా. అది నా బండి హార్నే.

చంద్రగిరిలో టిబెటన్ల ఆవాసం 1963 నుంచి ఉంది. జీరంగలోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. గజపతి జిల్లా కొండల మధ్య, మొక్కజొన్న చేలు దాటగానే బంగారు రంగు కప్పు కనిపిస్తే ఎవరికైనా బండి ఆపాలనిపిస్తుంది. చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే బరంపురం వీధుల్లో స్వెటర్లు అమ్మే టిబెటన్లే నాకు తెలిసిన మొదటి పరదేశులు. వేడి వేడి తుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూప్, తాగి, చీకటి పడగానే పడుకున్నాం.

మూడో రోజు, పర్లాకిమిడి

మోహన మీదుగా ఆర్.ఉదయగిరి దాటి దిగాం. రోడ్డు చాలా వరకు బాగుంది. ఈ కొండల్లో లాంజియా సవరల పల్లెలు ఉన్నాయి. అలాంటి ఆదిమ తెగల ఆవాసాల్లోకి విదేశీయులు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మాకు లేదు, అడగలేదు. రోడ్డు పక్క సంతలో ఆగి చింతపండు, పసుపు కొమ్ములు కొన్నాం, అంతే. బండి ఉంది కదా అని ప్రతి దారిలోకీ దూరిపోకూడదు.

పర్లాకిమిడి మా అత్తవారి ఊరు. మహేంద్రతనయ ఏరు, అవతల కాస్త దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్ర. మా అత్తగారు గుమ్మంలోనే ఆయన్ని తేరిపార చూసి, "ఈ బాబు ఏ ఊరాయన? ఇంత దూరం బండి కోసం వచ్చారా?" అని అడిగారు. నేను చెప్పింది విని, "అయితే మా అల్లుడు పిల్లనిచ్చినంత ఆలోచించి ఇచ్చుంటాడు" అన్నారు. ఆయనకి అనువదించాను. లేచి నిలబడి చేతులు జోడించాడు. నువ్వుపిండి పెట్టి వండిన వంకాయ కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మావయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భోజనాలయ్యాక మా అతిథిని కూర్చోబెట్టి గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేను మధ్యలో దుబాసీని. 1880లో ఈ ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి, సంతకి దిగే సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిందీ ఆయనే. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజుకే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన ఇన్నేళ్ల ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి మావయ్యగారి గొంతు ఎప్పుడూ మారుతుంది. ఈ రోజూ మారింది. అదే 1936లో మంగయి గొమాంగో సవర భాషకి సోరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశారని కూడా చెప్పారు.

మా అతిథి చాలాసేపు ఊరుకుని, తన సంగతి చెప్పాడు. పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్ బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట. ఇంకో పిల్లవాడు వెల్ష్ మాట్లాడుతూ దొరికితే అది వాడి మెడకి మారేది. ఈ రోజు రోడ్డు మీద 'అరవ్' అని రాయడం వెనక అంత ఉంది. నేను దాన్ని ట్రాఫిక్ మాట అనుకున్నాను.

సాయంత్రం స్టేషన్ వైపు నడిచాం. నౌపడా నుంచి ఇక్కడికి నేరో గేజ్ రైలు 1900లో వచ్చింది, గుణుపూర్ దాకా 1931లో వెళ్లింది. మా ఆవిడ చిన్నప్పుడు దాని పక్కన పరుగెత్తి ఎక్కేవారట. 2004లో ఆగిపోయి, తర్వాత బ్రాడ్ గేజ్ అయింది. వేల్స్‌లో పలకరాళ్ల గనుల కోసం వేసిన చిన్న రైళ్లని జనం స్వచ్ఛందంగా ఇప్పటికీ నడుపుతున్నారని ఆయన చెప్పాడు. జూన్‌లో బండి పక్కన పెట్టి ఒక రోజు దాని మీద వెళ్లాలని రాసుకున్నాను.

రాత్రి అత్తగారికి తెచ్చిన బరంపురం అప్పడాలు, ఊరగాయలు సంచి నుంచి తీస్తూ ఒక సంగతి గమనించాను. వాటికి చోటు చెయ్యడానికి టూల్ సంచిలోంచి తీసిన చిన్న పొట్లం ఒకటి బరంపురంలోనే ఉండిపోయింది. అందులో స్పేర్ క్లచ్ కేబుల్ ఉంది. అవసరం పడదులే అనుకున్నాను.

నాలుగో రోజు, రాయగడ

కాశీనగర్, గుణుపూర్, రాయగడ. వంశధార పక్కపక్కనే దారి. నవంబర్ చివర కాబట్టి వరికోతలు అయిపోయి, చాలా చోట్ల రోడ్డునే కళ్లం చేసేశారు. నల్లటి తారు మీద పచ్చటి వడ్లు ఆరబోసి, అంచుల్లో రాళ్లు పేర్చి ఉన్నారు. కొన్ని చోట్ల గడ్డితో సహా పరిచేస్తారు, మన చక్రాలే నూర్పిడి చేస్తాయని. గడ్డి మీద బ్రేక్ వేస్తే ముందు చక్రం జారుతుంది. వేగం ముందే తగ్గించి, హ్యాండిల్ నిటారుగా పట్టి, బ్రేక్ ముట్టుకోకుండా దాటాలి. ఆయనకి ఒకసారి చూపిస్తే చాలింది. తడిసిన ఆకుల మీద వాళ్లు నడిపేదీ అలాగేనట.

రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లొచ్చాం. గుడి దగ్గర సగం మాటలు తెలుగే. పార్వతీపురం, విజయనగరం నుంచి వచ్చిన కుటుంబాలు. కొత్త బండికి పూజ చేయిస్తున్నవాళ్ల పక్కన మా పాత బండి కూడా నిలబెడితే పూజారి దానికీ బొట్టు పెట్టారు. నాగావళి మీద చేకాగుడ వేలాడే వంతెన చూడాలనుకున్నాం గానీ అప్పటికే పొద్దుపోయింది.

ఆ రాత్రి లాడ్జిలో ఆయన మళ్లీ అన్నాడు. "క్లచ్ ఇంకా గరుగ్గా అవుతోంది." రేపు కోరాపుట్‌లో చూద్దామన్నాను.

అయిదో రోజు, లక్ష్మీపూర్ దారిలో

కోరాపుట్ దాకా అది ఆగలేదు. లక్ష్మీపూర్ ఇంకా చాలా దూరం ఉందనగా, కొండ మలుపులో ఆయన చెయ్యి 'అరవ్' అని ఊగి, బండి పక్కకి ఆగిపోయింది. క్లచ్ లివర్ చేతిలో వదులుగా వేలాడుతోంది. లివర్ దగ్గరే కేబుల్ పోగులు ఒక్కొక్కటిగా తెగుతూ వచ్చి, చివరి పోగు కూడా పోయింది. చేతికి తగిలిన ఆ గరుకు ఇసకది కాదు. తెగుతున్న ఇనుప పోగులది. మొదటి రోజు ఆయన వేలికి తెలిసింది, ఎనిమిదేళ్లుగా పట్టుకున్న నా వేలికి తెలియలేదు. రోజూ కొంచెం కొంచెంగా మారేదానికి చెయ్యి అలవాటు పడిపోతుంది. కొత్త చెయ్యి అబద్ధం చెప్పదు.

ఆయన మొహం పాలిపోయింది. "నేను తెంపేశాను" అన్నాడు. తను క్లచ్ ఎక్కువగా వాడానని, అవతలివాళ్ల బండి పాడు చేశానని ఒకటే బాధ. నేను జేబులోంచి సంతకాల కాగితం తీసి చూపించాను. అరుగుదల యజమానిది. పైగా రెండుసార్లు చెప్పినా విననిది నేను. స్పేర్ కేబుల్ ఇంట్లో వదిలేసి వచ్చిందీ నేనే. కేబుల్ ఖరీదు పెద్దది కాదు, కానీ ఆ కాగితం లేకపోతే ఆ రోడ్డు పక్కన మేమిద్దరం ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూ, మనసులో మాత్రం లెక్కలు వేసుకుంటూ నిలబడేవాళ్లం. మార్పిడికి వెళ్లేవాళ్లెవరైనా ఈ ఒక్క వాక్యం ముందే రాసుకోండి.

మెకానిక్‌ని తీసుకొస్తానని నేను బయల్దేరబోతే ఆయన ఆపాడు. "క్లచ్ లేకుండా నడుపుతాను. నువ్వు ముందుండి దారి ఖాళీ చెయ్యి."

నేను అలా ఎప్పుడూ నడపలేదు. ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లోనే దిగుడులో బండిని దొర్లనిచ్చాడు. చక్రం వేగం అందుకున్నాక కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి, కాలితో రెండో గేర్ మెత్తగా వేశాడు. బండి చిన్నగా ఊగి పట్టుకుంది. పై గేర్ వెయ్యాలంటే ఎక్సలేటర్ ఒక్క క్షణం వదిలి, గేర్ల మీద ఒత్తిడి పోయిన ఆ క్షణంలోనే లివర్ ఎత్తాలి. కింది గేర్‌కి కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి దించాలి. ఆగాలంటే ముందే న్యూట్రల్. న్యూట్రల్ మాట మొదటి రోజు చెప్పి మంచి పని చేశాను. నా పని ముందు వెళ్లి ఆవుల్ని, మేకల్ని, ఆరబోసిన చోళ్లని (రాగులని) చూసి చెయ్యి ఊపడం. లక్ష్మీపూర్ దాకా ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంజన్ శబ్దం ఎక్కడా గీరుకోలేదు. నా బండి నా చేతిలో కూడా అంత సాఫీగా గేర్లు మారలేదని ఒప్పుకోవాలి.

లక్ష్మీపూర్‌లో మెకానిక్ తెలుగు కుర్రాడే, పార్వతీపురం వైపు నుంచి వచ్చి షాపు పెట్టుకున్నాడు. మా బండికి సరిపోయే కేబుల్ లేదు. ఇంకో బండిది తీసి, కొలత చూసి, దారి కొంచెం మార్చి బిగించాడు. "అన్నా, కోరాపుట్ దాకా కాదు, కన్యాకుమారి దాకా పోవచ్చు" అన్నాడు. కేబుల్ లోపల నూనె పోస్తూ, ఏడాదికి రెండుసార్లు ఇలా పోస్తే తెగదని నాకు నేర్పాడు. నేను నలభై ఆరేళ్లవాడిని, ఆ కుర్రాడికి ఇరవై రెండు ఉంటాయేమో. చెవులు అప్పగించి విన్నాను. చీకటి పడ్డాక కోరాపుట్ చేరాం.

ఆరో రోజు, కోరాపుట్

ఈ రోజు బళ్లకి విశ్రాంతి. పొద్దున్న చలి బాగా ఉంది. శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి మెట్లెక్కి వచ్చి, చోడి అంబలి తాగాం. చోళ్లని ఇక్కడ మండియా అంటారు. తర్వాత కోరాపుట్ కాఫీ. ఈ కొండల్లో కాఫీ నాటించింది జయపురం రాజులు. ఆ వంశంలోని విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. విశాఖలో చదువుకున్నప్పుడు ఆ పేరు కాలేజీ మీద చూశాను గానీ, ఆ డబ్బు ఈ కొండల నుంచి వచ్చిందని తర్వాతెప్పుడో తెలిసింది.

మిగతా రోజంతా లాడ్జి వరండాలో కూర్చుని నోట్‌బుక్ నింపాను. ఇప్పుడు ఆయన చెప్పాలి, నేను రాసుకోవాలి. నా భారతీయ లైసెన్స్‌తో బ్రిటన్‌లో 12 నెలల వరకు నడపొచ్చు. అయినా మన ఆర్టీఓ ఆఫీసులో 4ఎ ఫారం ఇచ్చి, 1000 రూపాయలు కట్టి అంతర్జాతీయ పర్మిట్ తీసుకోమన్నాడు. అది ఏడాదే చెల్లుతుంది కాబట్టి మే నెలలో తీసుకోవాలి. నా ఐఎస్‌ఐ హెల్మెట్ అక్కడ చెల్లదు, ఈసీఈ అనే యూరప్ ప్రమాణం గుర్తున్నది కావాలి. వేగం మైళ్లలో. 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్‌లో ఇళ్ల మధ్య ఉన్న చాలా రోడ్ల మీద గంటకి 20 మైళ్లే. కొండ దారుల్లో రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది; ఎదురు వస్తే, దారి ఇవ్వడానికి కట్టిన జాగా దాకా ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. ఇది విన్నప్పుడు మాత్రం నాకు ధైర్యం వచ్చింది.

కష్టమంతా ఇన్సూరెన్స్‌ది. అక్కడ పాలసీలో పేరున్న మనిషే నడపాలి, బండితో పాటు దానంతట అది రాదు. ఆయన మామూలుగా చేయించుకునే కంపెనీ, విదేశీ లైసెన్స్ అనగానే నా పేరు చేర్చడానికి ఒప్పుకోలేదట. నాలుగైదు చోట్ల అడిగాక ఒకరు ఎక్కువ ప్రీమియంతో ఒప్పుకున్నారు. ఆ తేడా ఎవరు కట్టాలన్నది ఇక్కడే మాట్లాడుకున్నాం. నేనే కడతాను. మన పాలసీ ఆయనకి ఊరికే పనికొచ్చింది కదా అని ఆయనే కడతానన్నాడు గానీ నేను వినలేదు. నా పేరు చేరడం వల్ల పెరిగిన ఖర్చు నాది.

తర్వాత ఆయన బండి అలవాట్లు. అది ఇరవై ఏళ్ల బండి, నా బండి కంటే చాలా బరువు. రెండో గేర్ చలిలో మొరాయిస్తుంది. పెట్రోల్ ముల్లు సగం దగ్గర చాలాసేపు నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది. ఆయన చెబుతున్నప్పుడు మొహం చూస్తే, పిల్లవాడిని హాస్టల్లో దింపేటప్పుడు వార్డెన్‌కి చెప్పుకునే తండ్రి గుర్తొచ్చాడు. మొదటి రోజు వాకిట్లో నేనూ అలాగే ఉండుంటాను.

ఏడో రోజు, సుంకి

సిమిలిగుడ, పొట్టంగి, సుంకి. ఎత్తు పొలాల్లో వలిసెలు పసుపు పచ్చగా విరబూసి ఉన్నాయి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి, 1672 మీటర్లు, ఎడంగా మబ్బులో ఉంది. పైకి వెళ్లలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా వెళ్తానని ఆయన అన్నాడు. ఒంటరిగా అన్న మాట నాకు నచ్చింది.

సుంకి దగ్గర ఆగి టీ తాగాం. ఇక్కడి నుంచి ఘాటీ దిగితే సాలూరు, ఆంధ్ర. ఆయన విజయనగరం, విశాఖ, అరకు తిరిగి, మళ్లీ కోరాపుట్ ఎక్కి, చివరికి సముద్రం పక్క హైవే మీదుగా బరంపురం వస్తాడు. ఇంకా తొమ్మిది రోజులు. నేను వెనక్కి. చైన్‌కి నూనె పెట్టాను, టైర్లలో గాలి చూశాను, క్లచ్ లాగి చూశాను. వెన్నలా ఉంది. ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు గానీ, కాసేపు బండి చుట్టూ తిరిగాను. ఆయన తొందరపెట్టలేదు.

బయల్దేరి యాభై గజాలు వెళ్లి, మళ్లీ వెనక్కి తిప్పుకుని వచ్చాడు. ఏదో పడిపోయిందనుకున్నాను. హెల్మెట్ అద్దం ఎత్తి, "ఒకటి మర్చిపోయాను, రాసుకో" అన్నాడు. బావమరిది బండి ట్యాంకు మీద నోట్‌బుక్ పెట్టి పెన్ను తీశాను. "ఎడమ అద్దం యాభై మైళ్లు దాటితే లోపలికి తిరిగిపోతుంది. బిగించకు, మర విరిగిపోతుంది. చేత్తో వెనక్కి తిప్పుకుంటూ ఉండు."

రాసుకున్నాను. ఆయన తలూపి వెళ్లాడు. మొదటి మలుపు దగ్గర నా బండి హార్న్ గట్టిగా మోగింది. ఎడమ చెయ్యి కిందికి చాచి, వెనక ఎవరూ లేకపోయినా, అరచేత్తో గాలిని రెండుసార్లు తట్టాడు.